పాలు లేని విందు

అమ్మ పెద్దదినం అయ్యాక చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది నేను, నాయన, నాయనకు అక్క అయిన మా మేనత్త, అమ్మ సాకిన బర్రె. ఈ నలుగురిలో కడుపునిండా తింటున్నది మా అత్త ఒక్కతే.

నాయన పొద్దున ఒక ముద్ద, సాయంత్రం ఒక ముద్ద తినేవాడు. అదీ నేను కంచం ముందు కూర్చుని పోట్లాడితేనే. మూడు రోజుల జ్వరంతో అమ్మ పోతే, మూడు వారాల్లో నాయన చొక్కా కొయ్యకు తగిలించినట్టు అయిపోయాడు. నన్ను ఇచ్చింది గిద్దలూరు. నెల తిరిగేలోగా రమ్మని అత్తగారింటి నుంచి కార్డు వచ్చింది. ఈలోగా నాయన అన్నం తినడం మొదలుపెట్టకపోతే, నేను మళ్లీ వచ్చేది ఆయన దినానికే. నాకు తెలిసింది అదొక్కటే, ఇంకేమీ తోచేది కాదు.

మార్కాపురం నుంచి దోర్నాల పోయే దారిలో మా ఊరు. ఊళ్లో భజన గుంపుకు నాయనే పెద్ద. శనివారం వస్తే ఆయన గొంతు వీధి చివరిదాకా వినపడేది. అమ్మ పోయిన రోజు నుంచి ఆ నోట పాట లేదు, మాట కూడా అంతంతమాత్రమే. దీనికి మా అత్త కనిపెట్టిన మొదటి మందు ఏమిటంటే, ఆ భజన గుంపునే ఇంటికి పిలిపించడం.

వాళ్లు వచ్చారు. వచ్చి తత్వాలు ఎత్తుకున్నారు. దేహం నీటిబుడగ, ఆలి మాయ, పిల్లలు మాయ! భార్య పోయి నెల కాని మనిషి ముందు కూర్చుని పాడే పాటలా అవి? అందులోనూ ఒకడు తాళం తప్పితే ఇంకొకడు శ్రుతి తప్పేవాడు. పుండు మీద కారం చల్లి, పైన నిమ్మకాయ పిండినట్టుంది. నాయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. "చూడు, లీనమైపోయినాడు" అంది అత్త. లీనం కాదు, ఆ పాట భరించలేక మూసుకున్నాడని నాకు తెలుసు.

రెండో మందు బోర్డు స్కూలు డ్రిల్లు అయ్యవారు. చిన్నవయసువాడు, మంచివాడే, పాపం. మద్రాసు నుంచి పోస్టులో యోగాసనాల పుస్తకం తెప్పించుకున్నాడు. దాంతో ఎంత పాత దుఃఖమైనా తీరిపోతుందని అత్తకు చెప్పాడట. పుస్తకం తీసి చూద్దును కదా, అంతా అరవం.

"అయ్యవారూ, మీకు అరవం వస్తదా?"

"రాదమ్మా. బొమ్మలు ఉండాయి కదా!"

బొమ్మలు చూసి మా నాయనకు వైద్యం! తలకిందులుగా నిలబడ్డ బొమ్మ వచ్చినప్పుడు నేను పుస్తకం లాగి అటకమీద పెడదామనుకున్నాను. అదృష్టం కొద్దీ ఆయనే ఆ పేజీ తిప్పేశాడు. పంతులు ఇంటికి వచ్చి చెప్తుంటే కాదనడం నాయనకు చేతకాదు. అందుకని రోజూ సాయంత్రం పంచలో చాప వేసుకుని, కాళ్లు మడిచి, ముక్కు పట్టుకుని కూర్చునేవాడు.

"ఇట్ల ఈ పక్క మూసి పీల్చండి పెద్దాయనా. ఆ పక్క వదలండి. దుఃఖమంతా బయటికి పోతాది."

"దుఃఖం ముక్కులో ఉందా అయ్యవారూ?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"నువ్వు ఊరుకో పాపా. నీకేం తెలుస్తది?" అని అత్త నన్నే కసిరింది.

పదిహేను రోజులు నిండాయని అత్త ఆ అయ్యవారిని భోజనానికి పిలిచింది. యోగం చేసేవాళ్లకు నెయ్యి, పెరుగు దండిగా ఉండాలని ఆయన చెప్పాడు. అది ఏ బొమ్మలో చూశాడో! మా ఇంట్లో నెయ్యీ లేదు, పెరుగూ లేదు. అమ్మ పోయినప్పటి నుంచి బర్రె ఎవరికీ పాలు చేపలేదు. దూడకు చేపేది. మేం చెంబు పట్టుకుని కూర్చుంటే చాలు, పాలు పైకి బిగపట్టి, ఎగచేపి నిలబడేది. పక్కింటివాళ్లు పెరుగు ఇస్తామంటే నాయన వద్దన్నాడు. ఇరవై ఏళ్లు ఒక చేతి పెరుగు తిన్నవాడు, ఇంకొక చేతిది తాకనన్నాడు. పెరుగన్నం లేకుండా నాయన భోజనం ముగిసిన రోజు నేను ఎరగను. ఇప్పుడు మొదలే లేదు, ముగింపు ఎక్కడ!

"మీ అమ్మ కోక కట్టుకొని పోయి కూర్చో. వాసన చూసి చేపుతాది" అంది అత్త.

మా వైపు అది మామూలే. పాలు పిండే ఆమె ఊరికి పోతే, ఇంకొకరు ఆమె కోక కట్టుకునో, కనీసం భుజాన వేసుకునో కూర్చుంటారు. అమ్మ పుట్టింటికి పోయినప్పుడు నాయన కూడా పాత కోక కప్పుకుని పిండినవాడే. అయితే అది ఊరికి పోయినవాళ్లకు చేసే పని. మళ్లీ రాని మనిషి కోకల్లో ఒకదాన్ని చాకలికి ఇచ్చెయ్యకుండా ఇందుకోసం దాచిపెట్టిందంటే మా అత్తను ఏమనాలి? తిట్టాలనిపించింది. కానీ నెయ్యి, పెరుగు ఆ పూటకు కాకున్నా, ఇంటికి వచ్చే మనిషి ముందు పాయసానికి పాలన్నా లేకుండా విస్తరి వెయ్యడానికి నాకూ మనసు రాలేదు. కట్టుకున్నాను.

కొట్టంలో పేడవాసన, అమ్మ కోకలో అమ్మ వాసన. మోకాళ్ల మధ్య చెంబు పెట్టుకుని, అమ్మ పాలు పిండేటప్పుడు కూనిరాగం తీసే పాట ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గరికి వచ్చానో లేదో, పంచలో నుంచి కేక వినపడింది.

"అట్ల కాదు!"

ముక్కు మీది వేలు తీసి నాయన లేచి నిలబడ్డాడు. డ్రిల్లు అయ్యవారు నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఆడ దించకూడదు. లేపాల. మీ అమ్మ యాడన్నా దించిందా? ఏంది ఆ పాడడం? పాటను చంపుతా ఉండావు!"

చెప్పడం చాలక తనే పాడి చూపించాడు. గొంతు జీరబోయింది, మధ్యలో రెండుసార్లు తెగింది. ఆగి, ముక్కుతో నిండా ఊపిరి పీల్చి, తెగినచోట నుంచే మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ పీల్చడం అయ్యవారు నేర్పిందే, కాదనను. పాట మొత్తం పాడాడు. బర్రె చెవులు నిక్కించి చివరిదాకా విని, చెంబును ఒక్క తన్ను తన్నింది. చుక్క పాలు రాలేదు.

యుద్ధం రోజులు, కిరసనాయిలు కరువు. పొద్దు వాలకముందే వడ్డించాలి. కోక మార్చుకునే తీరిక కూడా లేదు. విసుగులో వండినా వంట కుదిరింది. కొర్రన్నం, నువ్వుల నూనెతో గోంగూర, గోరుచిక్కుడు వేపుడు, పచ్చిపులుసు. నానబెట్టిన వేరుశనగ పప్పు రుబ్బి, గుడ్డలో వేసి పిండి, ఆ పాలలో బెల్లం వేసి పాయసం కాచాను. పాలు, నెయ్యి, పెరుగు సోకని వంట మా ఇంట్లో అదే మొదలు.

"నెయ్యి లేదాండీ?" అన్నాడు అయ్యవారు, విస్తరి అంతా వెతికి.

"లేదు అయ్యవారూ. ఉండేది తినండి" అన్నాడు నాయన.

నాయన తిన్నాడు. కొర్రన్నంలో గుంట చేసి పచ్చిపులుసు పోయించుకుని తిన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. పాయసం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. నా గుండె మీది బండ దిగింది. అంతలోనే పంపకాలు మొదలయ్యాయి. అయ్యవారేమో ప్రాణాయామం మహిమ అన్నాడు. అత్తేమో తన కోక ఉపాయం అంది. మొదట వచ్చిన భజన గుంపుకు కూడా కొంత పుణ్యం పంచింది.

అయ్యవారు వెళ్లాక గిన్నెలు ఎత్తుతుంటే నాయన అడిగాడు. "ఆ పాట నీకెట్ల వచ్చు? మీ అమ్మ ఎవురికీ నేర్పలే."

అప్పటిదాకా పట్టుకున్న కోపమంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"నన్ను నిద్రబుచ్చేటప్పుడు పాడేది నాయనా! నీకు పెండ్లాం పోయింది, నీ కోసం ఊరంతా వచ్చినారు. బర్రెకు కూడా ఉపాయం చేసినారు. నాకు అమ్మ పోయింది. నువ్వు తిన్నావా అని నన్ను ఒక్కరన్నా అడిగినారా?"

నాయన నా చేతిలో గిన్నె తీసుకుని, తన పీట మీద నన్ను కూర్చోబెట్టాడు. వడ్డన ఎరగని చేతులు. అన్నం కుప్పగా పోశాడు, ఉప్పు ఎక్కడుందో తెలియక మూడు డబ్బాలు తెరిచాడు, గోంగూర గరిటెడు చాలదన్నట్టు రెండు గరిటెలు వేశాడు.

"ఇంత ఎవరు తింటారు నాయనా?" అన్నాను.

"నువ్వు తింటావు. నేను ఈన్నే కూర్చుంటా" అని, నా కంచం ముందు చతికిలబడ్డాడు.

అమ్మ పోయాక నేను ఏడ్చింది అప్పుడే, నోట్లో ముద్ద పెట్టుకుని.