సునీత నోరు విప్పేదాకా

మాకు కౌన్సెలింగ్ నేర్పిన మేడమ్ గత మంగళవారం ఉదయం గుండె ఆగి మరణించారన్న వార్త మా సంస్థ వాట్సాప్ గ్రూపులో వెలువడింది. సిమ్యులేషన్ శిక్షణ పూర్తి చేయనివారు వెంటనే పూర్తి చేయవలెనన్న హెచ్చరికకు సరిగ్గా కింద. సిబ్బంది తక్షణం స్పందించారు. "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని ఒకరు. "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని ఇంకొకరు. మేడమ్ బంధువులెవరూ ఆ గ్రూపులో లేరు కనుక ఎవరి బాధ ఎవరికి అర్థమైందో తేలలేదు. శిక్షణలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చే వాక్యం అదేనని మాత్రం అందరికీ తెలుసు. చదివి నేను ఫోను బోర్లించి పెట్టాను. దీనిని శోకంగా నమోదు చేయవచ్చునా అన్నది ఇంకా పరిశీలనలో ఉంది.

ఢిల్లీలో చలి మొదలైతే మేడమ్ బల్ల మీద వేయించిన వేరుశనక్కాయల పొట్లం, తొక్కలు వేయడానికి పాత పేపరు ఉండేవి. వచ్చిన మనిషికి కుర్చీ చూపించి, పొట్లం మధ్యలో పెట్టి, తాను ఒలవడం మొదలుపెట్టేవారు. ఏమీ అడిగేవారు కాదు. కాసేపటికి అవతలి చెయ్యి కూడా ఒక కాయ అందుకునేది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు, ఉద్యోగం ఊడి ఇంట్లో చెప్పలేనివాళ్లు, చూపు కాయల మీదే ఉంచి, ఎక్కడో మధ్యలోంచి చెప్పడం మొదలుపెట్టేవారు. వేసవిలో గోరుచిక్కుడు ఈనెలు తీయించేవారు. ఆ కూరే ఆ పూట వారింట్లో.

"చేతులకు పని దొరికితే నోటికి భయం తగ్గుతుందమ్మా" అనేవారు మాతో. "ఏడుస్తున్న మనిషికి గబుక్కున టిష్యూ ఇవ్వకండి. ఇక చాలు, ఆపమని చెప్పినట్టుంటుంది." మనసు బరువెక్కిన రోజున మమ్మల్ని అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీన్‌కు తీసుకెళ్లి భోజనం పెట్టించేవారు. పెరుగన్నం దాకా వస్తే తప్ప ఆ రోజు విన్న సంగతి ఎత్తనిచ్చేవారు కాదు.

ఇంత వెనుకబడిన పద్ధతిని సరిదిద్దేందుకు సంస్థ ఆన్‌లైన్ సిమ్యులేషన్‌ను ప్రవేశపెట్టింది. తెర మీద సునీత అనే బొమ్మ మనిషి ఉంటుంది. నీలం చీర, తడి కళ్లు. ఆమె ఒక కష్టం చెబుతుంది, కింద మూడు జవాబులు వస్తాయి, ఒకటి నొక్కాలి. మీ చూపు ఆమె మీద ఉందో లేదో కెమెరా కనిపెడుతుంది. ఇందులో ఉత్తీర్ణులు కానివారు ఇకపై కౌన్సెలింగ్ గదిలో కూర్చోరాదు.

ఆ గదికి అప్పట్లో కటవారియా సరాయ్ అద్దె గదుల నుంచి ఒక తెలుగమ్మాయి వస్తుండేది. పోటీ పరీక్షలకు చదువుతూ, ఉన్నట్టుండి తిండి మానేసి గది తలుపు మూసుకుందని ఇంటి యజమానురాలు తీసుకొచ్చి దిగబెట్టింది. వారాల తరబడి ఆ పిల్ల కాయలు ఒలిచిందే తప్ప పెదవి విప్పలేదు. చివరికొక రోజు "నాన్నకి చెప్పలేదు" అని, మళ్లీ ఊరుకుంది. "వచ్చే వారం చెప్తుంది" అన్నారు మేడమ్. ఆ వచ్చే వారమే మేడమ్‌కు సిమ్యులేషన్ పరీక్ష పెట్టారు.

మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని, సునీత కష్టం సాంతం విని, పొట్లం విప్పి ఒలవసాగారు. మా శిక్షణ సమన్వయకర్త కుర్రవాడు హైదరాబాదు నుంచి వచ్చినవాడు. కంగారుపడ్డాడు.

"మేడమ్, బటన్ నొక్కండి. టైమ్ పోతోంది."

"ఉండు నాయనా. ఆవిడ ఇంకా ఏదో చెప్పాలనుకుంటోంది."

"అరే, ఆమె ఏం చెప్పదు మేడమ్! సిమ్యులేషన్ హై, అసలు మనిషి కాదు."

"అచ్ఛా. మనిషే కాకపోతే ఆవిడకి ఓదార్పెందుకు భయ్యా?"

సునీత లేచి వెళ్లిపోయింది. స్పందన లేదు, చూపు నిలకడ లేదు, అనుత్తీర్ణులు అని తెర ప్రకటించింది. ఒక బొమ్మకు కూడా ఆలోచించుకునే వ్యవధి ఇచ్చిన నేరానికి మేడమ్‌ను గదిలోంచి తప్పించారు. ఆ అమ్మాయిని పూర్తి మార్కులు తెచ్చుకున్న సమన్వయకర్తకు కేటాయించారు. అతడు నియమం తప్పకుండా కళ్లలోకి చూసి, తనకు ఆమె బాధ అర్థమవుతోందన్నాడు. ఆమె మళ్లీ రాలేదు. సెషన్ సంతృప్తికరంగా ముగిసినట్లు నివేదిక పంపారు. మొన్నటి ఎంగిలి టీ కప్పులో చెయ్యి పెట్టినట్టనిపించింది ఆ వాక్యం.

మేడమ్ ఆ పిల్ల గదికి వెళ్లలేదు, ఫోను చేయలేదు. వాళ్ల సందు చివర పార్కు బెంచీ మీద సాయంత్రాలు పొట్లంతో కూర్చోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. సంగతి తెలిసి, ధ్రువపత్రం లేకుండా మౌనంగా ఉండటంపై సంస్థ సంజాయిషీ కోరింది. మేడమ్ ఆ కాగితాన్ని తొక్కలు వేయడానికి వాడారు.

"ఏమైనా చెప్పిందా మేడమ్?" అని అడిగాను ఒకసారి.

"చెప్తుందిలే. మనకేం తొందర?"

సంతాప సభ కూడా ఆన్‌లైన్‌లోనే జరిగింది. రెండు నిమిషాలు మౌనం పాటిస్తుండగా, ఎవరూ మాట్లాడటం లేదు, సమావేశం ముగించమంటారా అని తెర అడిగింది. సమన్వయకర్త అవునని నొక్కాడు.

ఆ సాయంత్రం నేను పొట్లం కొనుక్కుని పార్కుకు వెళ్లాను. ఆ అమ్మాయి బెంచీకి ఒక చివర కూర్చుని ఉంది. "మేడమ్ రాలేదా అక్కా?" అంది.

దుర్వార్త ఎలా చెప్పాలో శిక్షణలో మూడు జవాబులున్నాయి. మూడూ నాకు కంఠస్థం. ఒక్కటీ నోటికి రానివ్వలేదు. మధ్యలో పేపరు పరిచి, పొట్లం విప్పి, ఒలవడం మొదలుపెట్టాను. ఒలిచిన గింజల్ని తినకుండా మళ్లీ పొట్లంలోనే వేయడం ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడు?"

"మంగళవారం."

ఆమె ముఖం తుడుచుకోలేదు. నేనూ ఏమీ అందించలేదు. చీకటి పడుతుండగా ఒక కాయ తీసుకుంది, తర్వాత ఇంకొకటి.

"మా నాన్నకి నేనింకా చెప్పలేదక్కా" అంది, కాయ వైపే చూస్తూ.

ఏమిటని అడగలేదు. చలిగాలికి పేపరు అంచు లేచింది. ఒక్క తొక్కా ఎగిరిపోకుండా ఆమె దాని మీద అరచెయ్యి ఆనించి, చెప్పడం మొదలుపెట్టింది.