మా గోడ మీది పక్కోడు

నాకు చదువు అంతంతే. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతకు మించి రాదు. అందుకే ఇది నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. రాస్తూ నవ్వుతోంది కూడా. నవ్వనీ.

మెట్‌పల్లిలో మా ఇంటి ముందు గదిలో మా ఆయన బొమ్మల కథల పుస్తకాలు అద్దెకిచ్చేవాడు. పగలు మగ్గం, సాయంత్రం పుస్తకాలు. అన్నిటికంటే ఎక్కువ పోయేవి ఒకే హీరో కథలు. నెలనెలా కొత్తది వచ్చేది. ఆ హీరో వెంట ఎప్పుడూ ఒక పొట్టివాడు తిరిగేవాడు. వాడికి పేరేదో ఉండేది గానీ, మేం పక్కోడు అనేవాళ్లం.

అద్దె పుస్తకానికి ముందుగా ఊడేది అట్ట. మా ఆయన దాన్ని పారేయడు. పుస్తకానికి గట్టి కాగితం కుట్టి, అట్టను మైదా జిగురుతో గోడకు అంటించేవాడు, వచ్చినవాళ్లు చూసి ఎంచుకుంటారని. గోడ చిన్నది, అట్టలు ఎక్కువ. అందుకని ఒకదాని మీద ఒకటి సగం ఎక్కించేవాడు. ఎక్కించినప్పుడల్లా మూసుకుపోయేది హీరోయే. ఎందుకని అడిగితే, "ఆయన మొఖం అందరికి ఎర్కనే. గీడు ఏడున్నడో సూసుకోవాలె గద," అన్నాడు. అట్లా ఏళ్లు గడిచేసరికి గోడ నిండా పక్కోడే. హీరోది ఎక్కడో ఒక మోచేయి, ఒక బూటు.

చదవడం రాని నాకు ఆ గోడే కథ. మొదటి వరుసలో వాడు హీరో చంక కింద నుంచి తొంగి చూసే రెండు కళ్లు, అంతే. తర్వాత బొమ్మలేసే మనిషి మారాడో ఏమో, టోపీ వచ్చింది, పొట్ట వచ్చింది. ఒకచోట చేతికి ఆరు వేళ్లున్నాయి. ఒక వరుసంతా మీసంతో ఉండి, కింది వరుసకల్లా నున్నగా గీసుకొని వచ్చాడు. పెళ్లి చూపులకు తీసేశాడని మా ఆయన, పెళ్లాం తీయించిందని నేను. ఆ మీసం మీద ఒక పూట మాటలు బందు పెట్టుకున్నాం. చివరికొచ్చేసరికి వాడు హీరో భుజం దాకా ఎదిగాడు. హీరోకు మాత్రం ఎప్పుడు వచ్చినా అదే దవడ.

ఆయన పోయాక పుస్తకాలు చెదలు తిన్నాయి. గోడ మిగిలింది. నిరుడు కోడలు బ్యూటీ పార్లర్ పని నేర్చుకొచ్చి ముందు గదిలో పెడతానంది. పెట్టమన్నాను. గోడ గీకి గులాబీ రంగు వేయిస్తానంది. గోడ ముట్టొద్దన్నాను. ఆయన ఫోటో ఒక్కటే ఉంది, అందులోనూ ఎవరి పెళ్లిలోనో వెనకాల నిలబడ్డాడు. ఆయన చేత్తో చేసింది చూడాలంటే ఈ గోడే చూడాలి.

"అత్తమ్మా, మొఖం మంచిగ జేస్కుందామని వచ్చినోళ్లకు గీ పొట్టోన్ని, గీ ఆరువేళ్లోన్ని సూపెడ్తమా?" అంది కోడలు.

"సూపెట్టు. వాని కన్న మేమే నయమనుకుంటరు."

నవ్వింది గానీ ఒప్పుకోలేదు. వేడి నీళ్లు, గీకే రేకు పట్టుకొచ్చింది. నేను గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. జర జరుగు అని, నా తల పైనుంచే మొదలుపెట్టింది. జిగురులో ఆయన మైలుతుత్తం కలిపేవాడు, పురుగు ముట్టకుండా. ఆ అట్టలు రేకుకు లొంగుతాయా! గీకి గీకి చెమట పట్టాక నడిమధ్య ఒక అట్ట లేచింది. దాని కింద నుంచి హీరో ముఖం బయటపడింది, నిగనిగలాడుతూ, పళ్లన్నీ చూపిస్తూ.

కోడలు ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి హీరో ముఖం చూడనేలేదు. రేకు దించి చూసింది.

"గీయనేనా గింత పేరున్నోడు? క్రీము డబ్బల మీద గూడ గిట్లనే ఉంటరు, అందరు ఒక్కతీర్గ." తర్వాత చుట్టూ ఉన్న పక్కోళ్లను ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. "గీయన్నే దాసెయ్యాలె అత్తమ్మా."

గులాబీ రంగు మిగతా మూడు గోడలకే పడింది. గీకిన చోట పెద్ద అద్దం బిగించారు.

దుకాణం తెరిచిన రోజు ఒక పంతులమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. అద్దం వదిలేసి గోడనే చూస్తోంది. కనుబొమలకు దారం పట్టుకున్న కోడలు తల కదిలించొద్దని చెప్పి చెప్పి అలసిపోయింది. వీళ్లంతా ఎవరని అడిగిందామె.

"మా మామ దోస్తులు," అంది కోడలు. "మీరు జర కండ్లు మూస్కోన్రి."