దేవునర్ర గోడ

మా పాప చదివే ప్లే స్కూల్లో ఒక గోడ తీసేస్తారని విన్నప్పుడు నాకేమీ భయం వేయలేదు. ఆ స్కూలున్న ఇంటి నమూనా చేసింది కృపాకర్ కాబట్టి.

కృపాకర్ మా ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకుంటాడు. సొంతూరు గార్ల. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, పందొమ్మిదేళ్లకే జనగామలో ఒక ఇంజనీరు దగ్గర పనికి చేరాడు. ట్రేసింగ్ కాగితం మీద తప్పు గీతను బ్లేడుతో గీకి చెరిపే రోజులవి. తర్వాత కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్నాడు. భూపాలపల్లిలో రెండేళ్లు పాత ఇళ్ల మరమ్మతులకు కొలతలు తీశాడు. ఇప్పుడు మా మానుకోటలోనే ఉండి, చుట్టుపక్కల జిల్లాల్లో ఇళ్లు కొలిచి, హనుమకొండలోని ఒక ఆర్కిటెక్టుకు బిమ్ అనే కంప్యూటర్ నమూనాలు చేసి పంపుతాడు. మామూలు ప్లాన్‌లో గోడంటే రెండు గీతలు. బిమ్‌లో అలా కాదు. ఆ గోడను దేనితో కట్టారు, ఎంత మందం, దాని మీద ఏ బరువు ఆగి ఉంది, అన్నీ అందులోనే ఉంటాయి.

పోయినేడు ఆ ఆర్కిటెక్టు ఆఫీసు వాళ్లు అతనికి ఒక స్కానరు, ఏఐ సాఫ్ట్‌వేరు ఇచ్చారు. స్కానరు పట్టుకుని ఇల్లంతా తిరిగితే లక్షల చుక్కలు నమోదవుతాయి. ఆ చుక్కల్లోంచి ఏఐ గోడలను, కిటికీలను, స్తంభాలను గుర్తుపట్టి నమూనా నిలబెడుతుంది. నాలుగు రోజుల పని ఒక పూటలో అయిపోతోందని మురిసిపోయేవాడు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కొలత అనగానే ఎంత తప్పు ఉండొచ్చో అడగడం నా అలవాటు.

"కొలవని చోట ఏం చేస్తది తమ్మీ?" అని అడిగాను.

"అంచనా వేస్తదక్కా. నీ ల్యాబుల పిల్లల కంటే మంచిగనే వేస్తది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ప్లే స్కూలు మణెమ్మ అవ్వ పాత ఇంట్లో నడుస్తోంది. ముందు గదిలో పద్దెనిమిది మంది పిల్లలు. వెనక హాలు ఉంది, దాని వెనక అవ్వ పూజ చేసుకునే గది, దేవునర్ర. దేవుళ్లను వంటింట్లోకి మార్చుకుంటానని, హాలుకూ అర్రకూ మధ్య గోడ తీసి పెద్ద క్లాసు చేసుకోమని అవ్వ ఒప్పుకుంది. కృపాకర్ స్కాన్ చేసిన రోజు పాపను తీసుకెళ్లడానికి వచ్చి నేను అక్కడే ఉన్నాను. హాలంతా తిరిగాడు. దేవునర్ర తలుపు పెరటి వైపు ఉంటుంది. ఆ గడప దగ్గర ఆగిపోయాడు. లోపల దీపం వెలుగుతోంది.

"నేను ఈడనే ఉంట అవ్వా" అన్నాడు.

"నీ ఇష్టం బిడ్డా" అని అవ్వ తలుపు దగ్గరికి వేసింది.

కృపాకర్ చర్చికి వెళ్లే కుటుంబంలో పుట్టాడు. దోస్తుల ఇళ్లలో ఆ ఒక్క గది దగ్గర ఎవరూ చెప్పకముందే ఆగిపోవాలని వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది. అది మర్యాద అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

గోడ కొట్టాల్సింది ఆదివారం. మేస్త్రి అమీర్ అలీకి వీలు కాక సోమవారానికి వాయిదా పడింది. ఆ సోమవారం పాపను తొమ్మిదింటికి స్కూల్లో దింపి వచ్చాను. కాలేజీకి ఇంకా టైముంది. కృపాకర్ పిలిచి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"చూడక్కా, మన పాప కొత్త క్లాసు."

బాగుంది. గోడలకు రంగులు కూడా ఉన్నాయి. కానీ ఏదో తేడాగా అనిపించింది. నేను ఒకసారి కొబ్బరికాయ ఇవ్వడానికి ఆ దేవునర్రలోకి వెళ్లాను. చేతులు చాపితే రెండు గోడలూ తగిలాయి. తెర మీద మాత్రం మంచం వేసుకునేంత జాగా ఉంది.

"ఈ అర్ర ఇంత పెద్దగ లేదు తమ్మీ. నువ్వు లోపటికి పోయినవా?"

అతని మొహం పాలిపోయింది. "పోలేదక్కా. చూడలేదని రాసి పంపుదామనుకున్న. తెల్లారి చూస్తే ఏఐ గోడలన్నీ నిండుగ నిలబెట్టింది. మర్చిపోయిన."

లెక్క మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. బయటి కొలత సరైనదే, లోపల గది అంత ఇరుకంటే మిగిలిన జాగా అంతా గోడే. నమూనాలో అది నాలుగున్నర అంగుళాల ఇటుక అడ్డుగోడ. అసలుది రెండడుగుల పైమాటే. అంత మందం గోడ ఊరికే కట్టరు. హాలుకు ఫాల్స్ సీలింగ్ ఉంది. దాని పైన దూలాలు దేని మీద ఆగాయో స్కానరు చూడలేదు.

అమీర్ అలీ ఫోన్ ఎత్తలేదు. టీచర్ ఫోను స్విచాఫ్. కృపాకర్ బండి వెనక కూర్చుని నేను ఏమేం మొక్కుకున్నానో గుర్తులేదు. కురవి రోడ్డు మీద రైల్వే గేటు పడుతుందేమోనని ఒకటే భయం. పద్దెనిమిది మంది, పద్దెనిమిది మంది అని లోపల తిరుగుతూనే ఉంది.

వెళ్లేసరికి సుత్తి చప్పుడు లేదు. అది ఇంకా భయంగా ఉంది. ముందు గదిలో పిల్లలు పాట పాడుతున్నారు. నేల మీద సన్నటి మట్టి రాలి ఉంది. నేను పాపను ఎత్తుకుని "అందరూ బయటికి!" అని అరిచాను. టీచర్ బిత్తరపోయి పిల్లలను వాకిట్లోకి తోలింది.

హాల్లో గోడకు మోకాలెత్తు వరకు పెద్ద బొక్క పడి ఉంది. లోపల ఎర్రమట్టి, మట్టి మధ్యలో నల్లబడిన టేకు కంబం. దాని ముందు అమీర్ అలీ సుత్తి కింద పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఏంది బేటా, పార్టిషన్ అని రాసినవు? ఇల్లంత ఈ కట్టె మీదనే కూసున్నది. ఇంకో దెబ్బ కొడ్తే నేను గూడ దీని కిందనే కూసుంటుంటి."

"తప్పయింది చాచా. జాకీలు ఉన్నయా?"

"ఉన్నయి. ఊకె నిలబడకు, పట్టు."

ఇద్దరూ ఫాల్స్ సీలింగ్ పలకలు తీసి దూలాల కింద ఇనుప జాకీలు బిగించారు. నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. లోపల కర్ర కిర్రుమన్నప్పుడల్లా పాప నా మెడ గట్టిగా పట్టుకునేది. ఏమీ పడలేదు.

మణెమ్మ అవ్వ పెరట్లోంచి వచ్చి కృపాకర్‌ను కడిగేసింది. "గంత సదివినవు, కాళ్లు కడుక్కొని లోపటికి రారాదా? నేను రావద్దన్ననా?"

"రమ్మని గూడ అనలే అవ్వా."

"అనలే" అంది అవ్వ. బోరింగు దగ్గరికి వెళ్లి తనే నీళ్లు కొట్టింది. అతను కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి టేపు పట్టాడు. గోడ మందం రెండడుగుల మూడు అంగుళాలు. అక్కడి నుంచే ఆర్కిటెక్టుకు ఫోన్ చేసి, తను చూడని గది కొలత పంపానని చెప్పాడు. అవతలి నుంచి తిట్లు మాకు కూడా వినపడ్డాయి.

ఆ మధ్యాహ్నం మా మెట్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. ఏఐ వచ్చాక పంపిన ఇళ్లు పదకొండు. ఏ ఇంట్లో ఏ తలుపు దగ్గర ఆగాడో గుర్తు చేసుకుంటున్నాడు. భూపాలపల్లిలో ఒక ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారని ఒక గదిలోకి వెళ్లలేదు. కాలేజీకి సెలవు పెట్టి నేను పక్కనే కూర్చున్నాను. పాప ఒళ్లో నిద్రపోయింది.

"ఆర్నెల్ల కింద జనగామల ఒకరింట్ల బాలింత ఉండె అక్కా. ఆ అర్రల పోలే."

"ఆ ఇల్లు ఏం చేస్తున్నరు?"

"ఆ అర్ర కింది గోడ తీసి దుకాణం పెడ్తరట."

"తీసిండ్రా?"

"తెల్వదు" అంటూ లేచి బండి తాళం కోసం జేబులు తడుముకున్నాడు. ఆ పసిబిడ్డకు ఇప్పుడు ఏడో నెల ఉండొచ్చు. మధ్యాహ్నం పూట ఆ గదిలోనే పడుకోబెడుతూ ఉంటారు.