గడ్డకట్టే చెరువు మీద ముప్పై వత్తులు

చెరువు గడ్డకట్టేటప్పుడు చప్పుడు చేస్తుందని నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు. లీసెస్టర్ శివార్లలో మేం ఇల్లు తీసుకున్నప్పుడు వంటింటి కిటికీలోంచి చెరువు కనిపిస్తుందని మురిసిపోయాం. నాలుగు చలికాలాలు ఆ చెరువు బాతులతో, తడిసిన ఆకులతో బుద్ధిగానే ఉంది. ఐదో ఏడు నవంబరు ఆఖర్లో గాలి ఒక్కసారిగా ఆగిపోయి, ఎముకలు కొరికే చలి మొదలైంది. మొదటి సాయంత్రం ఒడ్డు చుట్టూ పాల మీద మీగడలా సన్నని పొర కట్టింది. మర్నాటికి అది సగం చెరువు దాకా పాకింది. మూడో రోజు మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే, ఎవరో బట్టలారేసే తీగను గట్టిగా లాగి వదిలినట్టు బయట పెద్ద మోత వినిపించింది. చేతిలో గిన్నె సింకులో పడింది.

అందంగా లేదని అనను. నాలుగు గంటలకే వాలిపోయే ఎండలో ఆ పొర గులాబీ రంగు తిరిగేది. ఒడ్డున వంగి చూస్తే లోపల ఆకులు ఎక్కడివక్కడ చిక్కుకుని ఉండేవి, వాటి మధ్య సగ్గుబియ్యం గింజల్లా తెల్లని బుడగలు. మా అమ్మాయి చిన్న రాయి విసిరితే అది జారుకుంటూ పిట్టలా కిచకిచమని అరుస్తూ పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల, పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దుగూకే కొద్దీ చప్పుళ్ళు పెరిగేవి. ఈ ఒడ్డున మొదలైన మూలుగు అడుగునుంచి పాకుతూ ఆ ఒడ్డుకు చేరేది. ఎవరో లోపలి నుంచి తలుపు తడుతున్నట్టుండేది. కర్టెన్లు వేసేసి టీవీ సౌండ్ పెంచేదాన్ని. మంచు బిగుసుకుంటుంటే అలాగే మోగుతుందని ఫోన్‌లో చదివాను. చదివినంత మాత్రాన భయం పోతుందా?

అత్తయ్యగారికి భయం లేదు. కోనసీమ నుంచి ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చారు. మా ఆయన సోమవారం నుంచి గురువారం దాకా బెల్‌ఫాస్ట్‌లో ఆఫీసు పని మీద ఉంటారు కాబట్టి ఇంట్లో ఉండేది మేం ముగ్గురు ఆడవాళ్ళం. ఆవిడ కిటికీ తెరిచి మరీ వినేవారు. "చెరువు ఏదో చెప్పుకుంటోందమ్మా, పాపం చలిగా ఉన్నట్టుంది" అనేవారు. వేడంతా బయటికి పోతోంది, మూసెయ్యండి అంటే వినరు. బీపీ మాత్ర టిఫిన్ తిన్నాక వేసుకోండి అంటే ముందే వేసుకుంటారు. స్వెటర్ మీద చీర కట్టకండి, చీర మీద స్వెటర్ వేసుకోండి అని నేను మొత్తుకోని రోజు లేదు. నా మాట ఆవిడ చెవికెక్కదని మా ఆయనతో ఫోన్‌లో రోజూ ఏకరువు పెట్టేదాన్ని. ఆయన నవ్వేసేవారు. ఒళ్ళు మండేది.

ఆ బుధవారం కార్తీక అమావాస్య మర్నాడు. తెల్లారకుండా దీపాలు నీళ్ళలో వదలాల్సిన పాడ్యమి.

"బకెట్లో వదులుదురుగాని అత్తయ్యగారూ" అన్నాను ముందురోజు.

"ఇంటెనకాల ఇంత చెరువెట్టుకుని బకెట్లో వదలమంటావేంటమ్మా? ఆయ్, ఎవరన్నా వింటే నవ్విపోతారు" అన్నారావిడ.

దీపాలకు అరటి దొప్పలు కావాలి. అవి మాకెక్కడ దొరుకుతాయి? ఆవిడే సూపర్ మార్కెట్‌లో లీక్ కట్ట ఒకటి చూసి ఆగారు. ఉల్లికాడలకి పెద్దన్నలా చెయ్యంత లావుండే కూర అది. పొరలు విప్పితే అచ్చం చిన్న అరటి దొప్పే. ఆ పొరల్ని టూత్‌పిక్‌లతో గుచ్చి పడవ చేశారు. నెలంతటికీ రోజుకొకటి చొప్పున ముప్పై వత్తులు, నేతిలో తడిపి, కట్టగా పెట్టారు. ఇక్కడ చలికాలంలో ఏడున్నర దాటితేగాని తెల్లారదని తెలిసి మహా సంబరపడ్డారు. "సూర్యుడు కూడా మనకోసం ఆలస్యంగా లేస్తున్నాడు చూడు" అన్నారు.

ఏడింటికి ముగ్గురం కోట్లు, బూట్లు వేసుకుని బయటికొచ్చాం. ఆకాశం అప్పుడే బూడిద రంగుకి తిరుగుతోంది. చెరువు ఒడ్డున మంచు మీదికి వెళ్ళొద్దని కౌన్సిల్ వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు బోర్డు ఉంది, దాని పక్కన స్తంభానికి నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే, తాడు కట్టిన నారింజ రంగు లైఫ్ రింగు. రోజూ చూసేవే కాబట్టి నేను వాటిని చూడలేదు. నా మనసంతా ఫోన్ మీద ఉంది. తొమ్మిదింటి మీటింగ్‌ని ఎనిమిదిన్నరకు జరిపారు. అమ్మాయిని స్కూల్లో దింపాలి. దాని ఒక గ్లౌజు కనిపించడం లేదు.

అత్తయ్యగారు దీపం వెలిగించి, దొప్పను ఒడ్డున పెట్టి, నీటిని చేత్తో మూడుసార్లు ముందుకు తోయబోయారు. నీళ్ళు లేవు. వేళ్ళు మంచు మీద జారాయి. దొప్ప ఉన్నచోటే కూర్చుంది.

"కదలట్లేదమ్మా. ఒడ్డునే ఉండిపోతే వదిలినట్టవదు గదా."

"దండం పెట్టేసుకోండి, దేవుడికి తెలుసు."

"అలా ఎలాగమ్మా?"

అప్పుడన్నాను ఆ మాట. "అదుగో, మధ్యలో బాతులున్నచోట నీళ్ళున్నాయి. నడుచుకుంటూ వెళ్ళి వదిలేసి రండి మరి! గట్టిగానే ఉందిగా!"

అనేసి, గ్లౌజు కోసం దారిలోకి వెనక్కి నడిచాను. నాలుగు గజాలు నడిచానో లేదో మా అమ్మాయి గొంతు వినిపించింది. అరుపు కాదు, మామూలు గొంతే.

"మమ్, నానమ్మ ఈజ్ ఆన్ ది ఐస్."

వెనక్కి తిరిగితే ముందు కనిపించినవి ఆవిడ బూట్లు. ఒడ్డున పక్కపక్కనే, గుడి మెట్ల దగ్గర విడిచినట్టు పొందిగ్గా ఉన్నాయి. సాక్సులు వాటిలో కుక్కి ఉన్నాయి. దీపం పట్టుకుని చెప్పులతో వెళ్ళరు కదా. ఆవిడ ఉత్త కాళ్ళతో, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకుని, ముప్పై వత్తుల మంటను రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా చెరువు మీద నడుస్తున్నారు. అప్పటికే పది పన్నెండు అడుగులు వేసేశారు. అడుగడుక్కీ మంచు పిట్టలా కిచమంటోంది.

పిలవడానికి నోరు తెరిచాను. అంతలో ఆవిడ కాళ్ళ కింద మొదలైన మోత చెరువంతా పరుగెత్తి అవతలి ఒడ్డున ఆగింది. ఆవిడ చుట్టూ తెల్లని గీతలు సాగాయి. వాటిలోంచి నల్లగా నీళ్ళు పైకి ఊరుతున్నాయి. ఇన్ని రోజులుగా నేను భయపడింది ఈ చప్పుడుకే, ఇప్పుడు దాని మీద మా అత్తగారు నిలబడి ఉన్నారు. నేను ఒక కాలు చెరువు మీద వేశాను. అంచు పెళ్ళున విరిగి బూటు నిండా నీళ్ళు.

అమ్మాయి నా కోటు పట్టుకుని వెనక్కి లాగింది. స్కూలుకు ఫైర్ సర్వీసు వాళ్ళొచ్చి చెప్పారట. వెనకాల వెళ్ళకూడదు, పడుకోమనాలి, తాడు విసరాలి. "నువ్వు నానమ్మ కంటే బరువు మమ్" అని ఏడుస్తూ ఇంగ్లీషులో చెప్పి, రింగు ఉన్న స్తంభం వైపు పరుగెత్తింది.

"అత్తయ్యగారూ! కదలకండి! ఉన్నచోటే బోర్లా పడుకోండి!"

ఆవిడ తల తిప్పి చూశారు. "చేతిలో దీపం ఉందమ్మా. ఎలా పడుకోను?"

"కింద పెట్టేయండి, మీకు దండం పెడతాను!"

ఆవిడ వంగి దొప్పను కింద పెట్టారు. అంత ప్రాణాపాయంలోనూ మూడుసార్లు చేత్తో ముందుకు తోశారు. దొప్ప నీళ్ళ మీద కన్నా చక్కగా జారుకుంటూ దూరంగా వెళ్ళింది. ఆవిడ మోకాళ్ళ మీదికి వంగబోతుండగా ఎడం కాలు కింద మంచు ఊడిపోయి, ఆ కాలు తొడదాకా లోపలికి దిగిపోయింది. "అమ్మా" అన్నారు, చాలా చిన్నగా. తర్వాత పొట్ట మీద వాలి, చేతులు చాపి, కదలకుండా పడుకున్నారు.

రింగు మొదటిసారి అందలేదు. రెండోసారి ఆవిడ మోచేతి దగ్గర పడింది. నేనూ నా కూతురూ కలిసి లాగాం. మంచు ముక్కలు కరకరమంటూ విరుగుతుంటే ఆవిడ బోర్లా జారుతూ ఒడ్డుకొచ్చారు. నేను ఆవిణ్ణి పట్టుకుని భోరుమన్నాను. వెనకాల చెరువు నడుమ ముప్పై వత్తులూ నిటారుగా మండుతూనే ఉన్నాయి.

మా డాక్టరు క్లినిక్కుకి ఫోన్ చేస్తే, ముందు తడిబట్టలు మార్చమన్నారు, కాళ్ళకు వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చనివి చాలన్నారు. మీటింగూ స్కూలూ రెండూ మానేశాం. ఆవిణ్ణి దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టి, పాదాలు టబ్బులో పెట్టి నేను కింద కూర్చున్నాను. వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. రంగు వస్తుందా రాదా అని చూస్తూ కూర్చున్న ఆ అరగంట నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. మెల్లగా ఎరుపు తిరిగాక నా ప్రాణం కుదుటపడింది. వెంటనే కోపం తన్నుకొచ్చింది.

"అసలెందుకు వెళ్ళారండీ? కొంచెమైనా ఆలోచించొద్దా?"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "నువ్వే కదమ్మా నడిచి వెళ్ళమన్నావు. గట్టిగా ఉందన్నావు గదా."

"వెటకారానికి అన్నానండీ!"

ఆవిడ టబ్బులో కాలివేళ్ళు కదిలించి చూసుకున్నారు.

"ఈ దేశంలో నాకేం తెలుసమ్మా? నువ్వు ఇక్కడ ఉంటున్నదానివి. నువ్వు చెబితే నిజమే అనుకున్నాను."

నా మాట వినరని ఊరంతా చాటుకున్నదాన్ని. ఆవిడ విన్నది, కాళ్ళకు బూట్లు కూడా లేకుండా నమ్మి నడిచింది, నేను నోటికొచ్చినట్టు అన్న ఆ ఒక్క మాటనే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

బయట చెరువు మళ్ళీ మూలిగింది. ఆవిడ కిటికీ వైపు చూశారు. "రేపటికి ఇంకా గట్టిపడుద్దా?"

"పడొచ్చండీ. ఎంత గట్టిపడినా దాని మీదికి వెళ్ళకూడదు. మళ్ళీ ఎప్పుడూ."

"సరేనమ్మా" అన్నారు, మా అమ్మాయిలా బుద్ధిగా తలూపి.

ఆ రోజు నేను విన్న చప్పుళ్ళన్నిటిలోకీ ఆ "సరేనమ్మా"కే నాకు ఎక్కువ భయం వేసింది.