చిన్నకాటా నల్లరాయి

కాటాలు సరిచేసే మనిషికి అనుమానం లేకపోతే పని సాగదు. దుకాణంలో కాటా ఎంత కొత్తదైనా సరే, తన దగ్గరున్న తూకపు రాయి దానిమీద పెట్టి చూసేదాకా నమ్మకూడదు. చిన్నకాటా ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అదే. ఆయన అన్నయ్య పెద్దకాటా. ఇద్దరిదీ ఒకటే మరమ్మతు గది, ఎదురెదురు బల్లలు. వీధిలో వాళ్ల అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఊళ్లో ప్రతి కాటానీ అనుమానించే ఈ పెద్దమనిషి, అన్నయ్య మాటను మాత్రం ఒక్కనాడూ తూచి చూడలేదు. అన్నయ్య చలి అంటే ఈయన వణికేవాడు. "నీకేం తెలుసురా" అని చిన్నప్పటి నుంచి విని విని, తనకేమీ తెలియదని ఖాయం చేసుకున్నాడు.

ఏడాది కిందట అన్నయ్య కన్ను తమ్ముడి అయిదు కిలోల ఇత్తడి రాయి మీద పడింది. "నల్లబడింది. ఇంక ఇది పనికిరాదు. నాది చూడు, అద్దంలా ఉంది. దీంతో చెయ్యి" అన్నాడు. తమ్ముడి రాయికి ఏటేటా తూనికల ఆఫీసు ముద్ర ఉంది. అన్నయ్య తన రాయిని ఆఫీసుకు తీసుకెళ్లి ఎన్నేళ్లయిందో! అయినా చిన్నకాటా తన రాయిని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశాడు.

మెరిసే రాయితో పదకొండు దుకాణాల కాటాలు సరిచేశాడు. ఎత్తిన ప్రతిసారీ చేతికి ఏదో తేడా తెలుస్తూనే ఉంది. చేతిని నోరు మూసుకోమన్నాడు. అప్పటి నుంచే మనిషి చెడ్డాడు. ఒక్కో కాటానీ తొమ్మిదిసార్లు చూసేవాడు. వేసిన తాళం మళ్లీ లాగి చూసేవాడు. కంచం ముందు కూర్చుని, తనకు ఆకలిగా ఉందా అని భార్యనే అడిగేవాడు. "కడుపు మీదా, నాదా?" అని ఆవిడ తల పట్టుకుంది.

ఇంతలో ఆఫీసువాళ్లు తనిఖీకి వచ్చారు. పదకొండు కాటాలూ అయిదు కిలోలకు ఇరవై గ్రాములు దొంగలిస్తున్నాయి. రెండు నెలల్లో విచారణ. పెద్దకాటా ఒక కాగితం రాసి తెచ్చాడు, తప్పంతా తమ్ముడి చేతిదేనని. దానిమీద సంతకం పెడితే చిన్నకాటా లైసెన్సు పోతుంది. ఆయనకు ఇంకో పని చేతకాదు.

"ఈలోగా ఎవరైనా మనసు డాక్టరుకు చూపించుకో. బుర్ర బాగోలేదంటే వాళ్లూ జాలిపడతారు" అని అన్నయ్యే చిరునామా ఇచ్చాడు.

ఆ డాక్టరమ్మ మాత్రలివ్వదు. పడుకోబెట్టి, తల వెనక కుర్చీలో కూర్చుంటుంది. మనసులోకి ఏదొస్తే అది చెప్పమంటుంది. ఏమడిగినా "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి మన నెత్తినే పెడుతుంది. చిన్నకాటాకు ఒళ్లంతా కళ్లయ్యాయి. కనిపించకుండా కూర్చుని ఏం రాస్తోందీవిడ? పంపింది అన్నయ్య కదా?

మూడో వారం ఉండబట్టలేక అడిగేశాడు. "మా అన్నయ్య మీకు ఫోన్ చేశాడా అండీ?"

"చేశారు. మీ సంగతులు మీతో తప్ప ఎవరితోనూ మాట్లాడనని చెప్పాను."

"ఎవరైనా అలాగే చెప్తారు కదండీ."

"నన్ను నమ్మాలంటే మీకు భయంగా ఉంది" అంది ఆవిడ మామూలుగా. ఆవిడకు కోపం రాకపోయేసరికి ఆయనకు అనుమానం రెట్టింపయింది.

అందుకని తనకు తెలిసిన విద్యే ప్రయోగించాడు, పరీక్ష పెట్టాడు. "నేను వేరే కొట్టు పెట్టుకోబోతున్నానండీ" అని ఒక పచ్చి అబద్ధం చెప్పాడు. ఇది గనక ఆవిడ నోట అన్నయ్యకు చేరితే, ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడు. అప్పుడు దొంగ దొరికినట్టే.

ఇక రోజూ అన్నయ్య మొహం కనిపెట్టడమే పని. ఆయన దగ్గినా ఈయన తలెత్తి చూసేవాడు. వారాలు గడిచినా ఏమీ జరగలేదు. అక్కడ డాక్టరమ్మేమో ఆ లేని కొట్టు గురించే చెప్పమనేది. చెప్పక చస్తాడా? కిటికీ పక్కన బల్ల అన్నాడు. ఎడమ వైపు నుంచి వెలుతురన్నాడు. ఓ రోజు "అక్కడ నా రాయే వాడతాను" అన్నాడు, అని వెక్కివెక్కి ఏడ్చాడు. అబద్ధానికి ఇంత ఏడుపేమిటో ఆయనకే అంతుపట్టలేదు.

"మీ రాయి పనికిరాదని అన్నయ్య అన్నారని చెప్పారు. మీ చేతికేమనిపించింది?" అని అడిగింది ఆవిడ.

ఆయన చేతిని అంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు. మిగిలిన సమయమంతా అరచేయి చూసుకుంటూ పడుకున్నాడు.

మరుసటి వారం నిజం ఒప్పుకున్నాడు. "కొట్టు లేదు, ఏమీ లేదండీ. మిమ్మల్ని పరీక్షించడానికి అలా అన్నాను."

"చెప్పడానికి అబద్ధాలు చాలా ఉంటాయి. మీకు ఇదే ఎందుకు తట్టింది?"

దారి పొడుగునా ఆవిడను తిట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని మాత్రం, ఎవరినీ అడక్కుండా రెండోసారి వడ్డించుకున్నాడు.

విచారణ రోజు పొద్దున పెద్దకాటా కాగితం, పెన్ను తమ్ముడి బల్ల మీద పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్లాడు. అలవాటుగా తన మెరిసే రాయిని గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు. పచ్చటి ఇత్తడి పొడి సన్నగా రాలుతోంది. చిన్నకాటా ఇరవై రెండేళ్లుగా చూస్తున్న పొడే అది. ఇవాళ లేచి వెళ్లి వేలితో అద్ది చూశాడు.

తర్వాత సొరుగు తెరిచి తన నల్లరాయి తీశాడు. త్రాసులో ఒక పళ్లెంలో దాన్ని పెట్టి, రెండో పళ్లెంలో అన్నయ్య రాయి పెట్టాడు. మెరిసే రాయి పైకి లేచింది.

"అరిగింది నీ రాయి, అన్నయ్యా" అన్నాడు. "అప్పుడే నా చేతికి తెలిసింది. తెలిసీ నీ మాట విన్నాను. ఆ తప్పు నాది, అంతవరకే వాళ్లకు చెప్తాను. ఈ కాగితం మీద సంతకం పెట్టను."

"ఈ మాటలు ఆ డాక్టరమ్మ నేర్పిందా?"

"ఆవిడ ఏమీ నేర్పదు. ఆవిడతో వచ్చిన చిక్కే అది."

చిన్నకాటా రెండు రాళ్లనూ సంచిలో పెట్టుకున్నాడు. పెద్దకాటా ఖాళీ పళ్లాల వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తమ్ముణ్ని సలహా అడిగాడు.

"మరి నేనేం చెప్పాలిరా అక్కడ?"

చిన్నకాటా సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"నీకేమనిపిస్తోంది, అన్నయ్యా?" అన్నాడు.