ముందు నువ్వు మింగు

భూషణం మామది ఒక్కటే గుణం. మందు ఎవరు తెచ్చినా సరే, తెచ్చినవాళ్ళు ముందు తన కళ్ళెదుట మింగి చూపాలి. మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపాలి. ఆ పైన కాసేపు బతికి చూపాలి. అంతవరకూ అది మందు కాదు, అనుమానం.

ఎర్రబోరు దగ్గర పెద్ద రోడ్డు దిగి రెండు వాగులు దాటితే వచ్చే ఆ ఊరికి రేణుక మితానిన్. అంటే సర్కారు మందుల సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగే ఊరి మనిషి. ఆ ఊరికి కోడలై పన్నెండేళ్ళు, మితానిన్ అయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఆమె కడుపులో నులిపురుగన్నది బతికి ఉండే అవకాశమే లేదు. బడిలో పురుగుల మాత్రలు పంచే రోజు వచ్చిందంటే భూషణం మామ బడి గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చునేవాడు.

"ముందు నువ్వు మింగు, పిల్లా."

"పోయినసారి మింగిన గదా మామా."

"అది పోయినసారి మాత్ర."

"అదే మాత్ర. అదే కంపెనీ."

"అదే కంపెనీ అని మాత్ర చెప్పిందా నీకు?"

మాత్ర చెప్పలేదు గనక రేణుక మింగేది. ఇంటికి పోయి మొగుడితో చెప్పుకుంటే అతను నవ్వి, "ఊరందరి పురుగులూ నీ ఒక్కదాని లెక్కలో పోతున్నయి" అనేవాడు.

మనుషుల మందులతో ఆగితే ఆయన భూషణం మామ ఎందుకవుతాడు? ఒకసారి పశువుల ఆస్పత్రి నుంచి గిరీష్ అనే కుర్రాడు మేకలకు సూదులు వేయడానికి వచ్చాడు.

"ముందు నువ్వు పొడిపించుకో" అన్నాడు మామ.

"దాదా, ఇది మేకల సూది."

"మేకకు నోరు లేదు. దాని తరఫున నేనడుగుతున్న."

గిరీష్ అరగంటసేపు హిందీలోనూ, తెలుగులోనూ, వచ్చినంత ఆ ఊరి దోర్లీలోనూ వివరించాడు. మామ అంతా శ్రద్ధగా విని, అతని చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టాడు. గిరీష్ బండి కూడా అక్కడే వదిలేసి మొదటి వాగు దాటాకే వెనక్కి చూశాడట. తర్వాత వారం బండి కోసం ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుని వచ్చాడు. ఆ రోజు మామ సంతకు పోయి ఉండడంతో మేకలకు సూదులు పడ్డాయి.

ఇక దోమతెరల సంగతి. తెరకు పట్టించిన మందుతో నిద్రలోనే ఊపిరి ఆగిపోతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు, నమ్మనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆరోగ్యశాఖ సూపర్‌వైజర్ వీరేందర్ కోంటా నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి, ఊరివాళ్ళను కూర్చోబెట్టి గంటన్నర ఉపన్యాసం ఇచ్చాడు. వీరేందర్‌కు ఉపన్యాసమంటే ప్రాణం. హిందీలో చూడండన్నట్టు "దేఖియే" అని మొదలుపెట్టాడంటే మధ్యలో వాన వచ్చినా ఆపడు. అంతా విన్నాక మామ మంచం వాల్చి, తెర కట్టి, "పండుకో సారూ" అన్నాడు.

మిట్ట మధ్యాహ్నం. వీరేందర్ పడుకున్నాడు. మామ పక్కన పీట వేసుకుని కూర్చుని అయిదు నిమిషాలకోసారి, "ఊపిరాడుతుందా సారూ?" అని అడిగాడు. మూడోసారికి జవాబు రాలేదు. ఊరు గుండె చిక్కబట్టుకుంది. నాలుగోసారికి గురక వచ్చింది. పశువులు ఇంటికి తిరిగి వచ్చేదాకా వచ్చింది.

"తెర మంచిదే" అని మామ తీర్పు చెప్పాడు. "సారుకు ఇంట్ల నిద్రలేనట్టుంది, అది వేరే సంగతి."

మర్నాటికల్లా ఊరంతా తెరలు తీసుకుంది. కొన్ని మంచాల మీద కట్టారు, కొన్ని కోళ్ళగూళ్ళ మీద కప్పారు, ఒకటి రెండు వాగులో చేపలు పట్టడానికి పోయాయి.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయన అనుమానానికి పక్షపాతం లేదు. కొట్టు వెంకన్న ఒకరోజు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. టీకా వేయించుకున్నవాళ్ళు రెండేళ్ళలో పోతారనీ, ఫలానా ఆకు పసరు తాగితే సర్వరోగాలూ పోతాయనీ అందులో ఎవరో తెల్లగడ్డం ఆయన చెబుతున్నాడు.

"పోయినోళ్ళ పేర్లు చెప్పిండా?" అన్నాడు మామ.

"పేర్లెందుకు బావా, ఫోన్ల వచ్చింది."

"సరే, పసరు తీసుకరా. ముందు నువ్వు తాగు."

వెంకన్న పౌరుషానికి పోయి చెంబెడు తాగాడు. రెండు రోజులు కొట్టు తెరవలేదు. కొట్టు వెనక చెట్ల చాటు నుంచే, ఉప్పు ఎక్కడుందో పప్పు ఎక్కడుందో కేకలేసి చెబుతూ బేరం చేశాడు.

అన్నిటికన్నా విసుగు తెప్పించినది రక్తం మాత్రల వ్యవహారం. అవి గర్భిణులకూ, నీరసంగా ఉన్న ఆడవాళ్ళకూ ఇచ్చే ఎర్ర మాత్రలు. రేణుక ఒక్కటి మింగి చూపి పట్టీ పంచబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకటి మంచిదైతే మిగతావన్నీ మంచివని ఎట్ల చెప్తవు? నేను చిక్కుడుకాయలు అట్లనే ఒకటి చూసి బుట్ట కొన్న, లోపలన్నీ పుచ్చులే."

"అయితే ఏం చేయమంటవు మామా?"

"రోజుకొకటి. నా ముందర."

అలా మూడేళ్ళ కిందట మొదలైంది. రోజూ అన్నం తిన్నాక రేణుక ఆయన అరుగు ముందు నిలబడి మాత్ర మింగి, నాలుక ఎత్తి చూపించాలి. పక్క ఊళ్ళో పెళ్ళి ఉందని ఒకరోజు ఎగ్గొడితే, ఆయన పెళ్ళిపందిట్లోకే వచ్చి, "మాత్రేది?" అన్నాడు. పెళ్ళివాళ్ళు ఆమెకేదో పెద్ద జబ్బే ఉందనుకున్నారు.

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. మామిడికాయ కానీ, చిక్కుడుకాయ కానీ, కొత్త పండుగ చేసి పెద్దమనిషి మొదట నోట పెట్టుకోనిదే ఇంకెవరూ తినరు. ఏటేటా భూషణం మామ మింగించే తంతు చూసీ చూసీ ఊరు ఆ రెంటినీ కలిపేసుకుంది. మందుకూ ‘కొత్త’ జరగాలి. తెచ్చినవాళ్ళు మొదట మింగాలి, మామ చూడాలి. అప్పుడే అది గడప దాటుతుంది. ఈ ఆచారం తాతల నాటిదని కొందరు పిల్లలకు చెప్పడం కూడా మొదలుపెట్టారు.

ఆ తంతే ఈ వానాకాలంలో పీకల మీదికి తెచ్చింది.

మలేరియా పరీక్షలవాళ్ళు వచ్చారు. వేలిమీద చిన్న పోటు, చిన్న పట్టీ మీద రక్తపు చుక్క, కాసేపు ఆగితే ఒక గీత వస్తే క్షేమం, రెండు గీతలు వస్తే మలేరియా. ఇక్కడి మలేరియా చాలామందిలో జ్వరం లేకుండానే రక్తంలో దాక్కుని ఉంటుంది. జనానికి ఎక్కనిది సరిగ్గా అదే.

ఆయతు పెళ్ళాం జోగేకు రెండు గీతలు వచ్చాయి. ఆమెకు అయిదో నెల. పోయినసారి ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. ఉపకేంద్రం నర్సు నాగలక్ష్మి ఆ పట్టీని చూసి రేణుకను పక్కకు పిలిచింది.

"ఈ పిల్ల మందు ఇయ్యాలే మొదలుపెట్టాలి. ఒంట్లో ఇది పెట్టుకుని నెలలు గడిస్తే మళ్ళీ అదే అయితది."

జోగే అత్త సోమక్క మాత్రం గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"జ్వరం లేదు, వణుకు లేదు, పొద్దున కుండెడు నీళ్ళు మోసుకొచ్చింది. దానికి మందేంది? పైగా ఇంకా కొత్త కాలేదు. రేణుకా, ముందు నువ్వు మింగు."

"అత్తా, నాకొచ్చింది ఒక్క గీత. జబ్బు లేనోళ్ళు ఇది మింగగూడదు."

"భూషణం బావ ఒప్పుకుంటడా?"

అందరూ మామ వైపు తిరిగారు. ఆయన జోగే పొట్ట వైపు ఒకసారి, నర్సు మొహం వైపు ఒకసారి చూశాడు. ఆరేళ్ళుగా తాను పెంచిన మొక్క తన దారికే అడ్డంగా కొమ్మలు వేసిందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

"బావా, ఈసారికి వదిలేద్దమంటవా?" అంది సోమక్క.

"ఒక్కసారి వదిలేస్తే రేపటినుంచి నేనేం చెప్పినా ఎవరూ వినరు" అని గొణిగి, ఆయన లేచి వచ్చి నాగలక్ష్మి ముందు వేలు చాపాడు. "పొడువు."

సూదంటే ఆమడ దూరం ఉండే మనిషి. ఊరు ఊరంతా దగ్గరకు జరిగింది. నాగలక్ష్మి పొడిచింది. మామ కళ్ళు మూసుకుని, కులదేవతలందరినీ పేరుపేరునా పలకరించి, పావుగంట తర్వాత కళ్ళు తెరిచాడు.

"ఎన్ని?"

"ఒక్కటే మామా. నీకేం లేదు."

"ఏం లేకపోవడమేంది? సరిగ్గ చూడు."

"ఒక్కటే."

జబ్బు లేదన్నందుకు అంతగా చిన్నబుచ్చుకున్న మనిషిని రేణుక అంతకు ముందు చూడలేదు. "ఊళ్ళె ఇంతమందికి ఉన్నది, నాకెందుకు రాలే?" అని ఆయన వేలికి ఉఫ్ఫని ఊదుకుంటూ నిలబడ్డాడు. రెండు గీతలు వచ్చిన మిగతావాళ్ళను అడిగితే, "ముందు వాడు" అంటే "ముందు వీడు" అన్నారు.

అప్పుడు మామ చూపు వేపచెట్టు నీడలో ఫోను చూసుకుంటున్న వీరేందర్ మీద పడింది.

"సారూ, పరీక్ష చేయించినోళ్ళు ముందు చేయించుకోవాలె గదా."

వీరేందర్ మురిసిపోయాడు. ఫొటోకు ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. జుట్టు సవరించుకుని, ఫోను రేణుక చేతికిచ్చి, "తీయమ్మా" అని నవ్వుతూ వేలు చాపాడు. రేణుక మూడు ఫొటోలు తీసింది. పావుగంట ఆగి నాలుగోది తీయబోతుండగా పట్టీ మీద రెండో గీత తేలింది.

గర్భం చూసే పట్టీ మీద కూడా రెండు గీతలే వస్తాయి. ఆ సంగతి ఒక్కటే తెలిసిన వెనక వరస ముసలమ్మ ముందుకు వంగి, "ఎన్నో నెల నాయనా?" అని అడిగింది.

వీరేందర్ మొహం పాలిపోయింది. "దేఖియే, ఈ కిట్ ఖరాబ్. నాకు జ్వరం లేదు, వణుకు లేదు, పొద్దున నలభై కిలోమీటర్లు బండి నడిపిన. నాకు మందెందుకు?"

ఆ మాటలు కాస్త ముందే సోమక్క నోట విన్నవే. సోమక్క కూడా ఆ పోలిక గుర్తుపట్టి కట్టుకున్న చేతులు విప్పింది.

"దేఖియే సారూ" అన్నాడు మామ.

అని, మొదలుపెట్టాడు. జ్వరం లేకపోయినా మలేరియా రక్తంలో దాక్కుంటుందని, ఒకరిని కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుందని, ఖాళీ కడుపున మాత్ర వేసుకోవద్దని, బాగుందని మధ్యలో ఆపేయొద్దని, మూడు రోజులూ పూర్తిగా వాడాలని. వీరేందర్ ఎక్కడ దగ్గుతాడో అక్కడ దగ్గాడు, ఎక్కడ వేలు ఎత్తుతాడో అక్కడ ఎత్తాడు. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఏ ఒక్క ఉపన్యాసాన్నీ నమ్మడని పేరుపడ్డ మనిషి అన్నిటినీ బట్టీ పట్టినంత శ్రద్ధగా విన్నాడని రేణుకకు అప్పుడు తెలిసింది. నమ్మేవాళ్ళలో మాత్రం ఎవరు అంత శ్రద్ధగా విన్నారు?

"ఇది నువ్వు చెప్పిందే గదా సారూ?"

"నేను చెప్పిందే" అన్నాడు వీరేందర్ నీరసంగా.

"మరి నువ్వే నమ్మకపోతే ఎట్ల?"

మామ ఇంట్లోంచి చెంబెడు జావ వచ్చింది. వీరేందర్ తాగాడు. నాగలక్ష్మి మాత్రలు అరచేతిలో పెట్టింది. ఊరు కళ్ళప్పగించి చూస్తుండగా మింగాడు. అడక్కుండానే నోరు తెరిచి నాలుక ఎత్తాడు. మామ వంగి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, ఊరివైపు తిరిగాడు.

"కొత్త అయింది."

ఎంత వెతికినా ఊరికి ఇంతకన్నా పెద్ద సాక్షి దొరికేవాడు కాదు. సర్కారు మనిషే, సర్కారు రోగంతో, సర్కారు మందు మింగాడు. సోమక్క తనే లోపలికి పోయి కోడలికి అన్నం పెట్టి తీసుకొచ్చింది. నాగలక్ష్మి దగ్గరుండి జోగేకు మొదటి మాత్రలు వేయించింది. ఆ తర్వాత వరస దానంతటదే కట్టింది. వీరేందర్ రేణుక చెవి దగ్గరకు వచ్చి, "ఆ మూడు ఫొటోలు తీసెయ్యి అమ్మా" అని బతిమాలుకున్నాడు.

జనం పలచబడ్డాక రేణుక మామ అరుగు ముందుకు వచ్చి నిలబడింది. కోపమూ నవ్వూ దేనికదే పైకొస్తున్నాయి.

"ఇన్ని తెలిసి ఉండి, మూడేళ్ళు నా చేత రోజూ ఆ ఎర్ర మాత్రలు మింగిస్తివి. పెళ్ళిల గూడ వదలకపోతివి. ఎందుకు మామా?"

మామ నర్సు వైపు తిరిగాడు. "నాగలక్ష్మమ్మా, ఈ పిల్ల రక్తం ఎంతుందో చూడు" అన్నాడు.

నాగలక్ష్మి చూసింది. "పన్నెండు. బాగుంది." ఆగి, మళ్ళీ చూసి నవ్వింది. "మూడేళ్ళ కింద నిన్ను చూసినప్పుడు ఏడున్నర ఉండె. ఊరందరికీ పంచి, నీ మాత్రలు చూరులో దాచిపెడుతున్నవని తిట్టిన గుర్తుందా? ఆ రోజు మోకాలి నొప్పని ఈయన గూడ మా బెంచీ మీదనే కూచున్నడు."

రేణుక మామ వైపు చూసింది. మామ వాగు వైపు చూస్తున్నాడు.

"మింగమని చెప్తే మింగే రకమా నువ్వు?" అన్నాడు చివరికి. "పనుంది, తర్వాత, రేపు అంటవు. ఊరి కోసమంటేనే నీ నోట్లకు పోతది."

రేణుకకు ఒక అనుమానం వచ్చింది. ఆరేళ్ళు ఆ మనిషి పక్కన తిరిగితే రాక ఏం చేస్తుంది?

"మరి పురుగుల మాత్రలో మామా? అవి గూడ నా కోసమేనా?"

భూషణం మామ గొంతు సవరించుకున్నాడు.

"అదా? లేదు పిల్లా. అప్పుడు నాకు నిజంగనే అనుమానం."