డ్యాష్‌బోర్డు మీద గ్లాసు

మామగారు కారెక్కారంటే నీళ్ల గ్లాసు కూడా ఎక్కినట్టే. తాగడానికి కాదు. అంచుదాకా నింపిన గాజు గ్లాసును డ్యాష్‌బోర్డు మధ్యలో పెట్టి, రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ కూర్చుంటారు. నీళ్లు ఒలికాయంటే రోడ్డు వేసినవాడైనా వెధవ అయ్యుండాలి, బండి నడిపేవాడైనా వెధవ అయ్యుండాలి. రోడ్డు వేసినవాడు ఎప్పుడూ చేతికి చిక్కడు కాబట్టి తిట్లన్నీ అల్లుడికే దక్కేవి. నీళ్లు కూడా.

అల్లుడు బడిలో లెక్కల మాస్టారు. రోజూ ప్యాంటు తడుపుకుని వచ్చే లెక్కల మాస్టారంటే పిల్లలకు ఎంత భయభక్తులుంటాయో వేరే చెప్పాలా? "సార్, ఇవాళ కూడానా?" అని ముందు బెంచీ అడిగేది. వెనక బెంచీకి అడిగే ఓపిక కూడా ఉండేది కాదు, పడీ పడీ నవ్వేది.

మామగారు ఒకప్పుడు గాజు సామాన్ల కొట్టు నడిపారు. కప్పులూ సాసర్లూ సొంత కార్లో తనే మోసుకొచ్చేవారు. దారిలో పగిలిన ప్రతి కప్పూ ఆయనకు గుర్తే, అది ఏ గుంట దగ్గర పగిలిందో కూడా గుర్తే. కొట్టు మూసేసినా రోడ్ల మీద కక్ష మాత్రం చల్లారలేదు. పెళ్లి కుదరకముందు కాబోయే అల్లుణ్ని చదువెంత, ఉద్యోగమేంటి అని ఒక్క ముక్క అడిగితే ఒట్టు. గ్లాసు పెట్టి ఊరంతా తిప్పించుకుని, "సగం మిగిలాయి. ఫరవాలేదు, పిల్లనిస్తాను" అన్నారు. అప్పటినుంచీ ఒకటే పాట: "వెనక గాజు సామాను ఉందనుకుని నడుపు, అల్లుడూ!"

అల్లుడు ముచ్చటపడి హైబ్రిడ్ కారు కొనుక్కొచ్చిన రోజున మామగారు దాని చుట్టూ తిరిగి, ముక్కు విరిచారు.

"ఇందులో పెట్రోలు ఇంజనూ ఉంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంది మామయ్యా!"

"ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్లన్నమాట. పొయ్యి ఎవరు వెలిగించినట్టు?"

"ఎప్పుడు ఏది కావాలో అదే పని చేస్తుంది."

"చెయ్యదు. అవతలిది చేస్తుందిలే అని రెండూ కూర్చుంటాయి."

సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోయింది. మామగారు చెవి అటువైపు పెట్టి, పరామర్శకు వచ్చినవాడిలా మెల్లగా అడిగారు. "పోయిందా?"

"పోలేదు మామయ్యా! పెట్రోలు మిగలడానికి ఆగింది."

"ఏమో నాయనా, నా కార్లలో ఇలా ఆగినదేదీ మళ్లీ లేవలేదు."

ఇలా ఉండగా అల్లుడి భార్య నడుము నొప్పితో మంచం పట్టింది. మామగారికి ఉన్నదల్లా ఆ ఒక్క కూతురే. వెన్నెముకకు ఆపరేషన్ చేశారు, బాగానే జరిగింది. కానీ డాక్టరమ్మ మామా అల్లుళ్లిద్దరినీ పిలిచి, "ఇంటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త. గట్టి కుదుపు తగిలిందా, మళ్లీ మొదటికొస్తుంది" అంది. అల్లుడి గుండెల్లో రాయి పడింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోడ్డు సంగతి అతనికి తెలియనిదా?

కూతురు ఆసుపత్రిలో ఉంటే ఏ తండ్రైనా దిగులుపడి ఓ మూల కూర్చుంటాడు. ఈయన రోడ్ల మీద పడ్డారు! క్యారియర్ పట్టుకుని అల్లుడు ఆసుపత్రికి బయల్దేరితే చాలు, గ్లాసుతో సహా వచ్చి కూర్చునేవారు. పోనీ తిన్నగా పోనిచ్చేవారా?

"ఎడమకు తిప్పు."

"అటు చుట్టు మామయ్యా, అన్నం చల్లారిపోతుంది."

"తిప్పవయ్యా! చౌరస్తా మీదుగా వెళ్తావా? అక్కడి సర్కిల్‌ను గుండ్రంగా గీయమంటే కోడిగుడ్డు గీసి చచ్చాడు, ఆ మహానుభావుడు!"

ఒకరోజు బడి వెనక సందు, ఒకరోజు పాల డిపో పక్కదారి. స్పీడ్ బ్రేకర్ కనబడితే కారాపించి, దిగి, దాన్ని ఎగాదిగా చూసి, "ఇది కట్టినవాడు ఒంటె మీద ఆఫీసుకెళ్తాడు కాబోలు" అని ఎక్కేవారు. అది చాలక, పొద్దున్నే ఎక్కడో తిరిగొచ్చి, చెప్పుల నిండా ఉన్న ఎర్రటి ఇటుక పొడి కొత్త కారు మ్యాట్ల మీద దులిపేవారు.

"ఎక్కడికెళ్లారు మామయ్యా?"

"వాకింగుకి."

"ఇటుకల బట్టీలోనా?"

మామగారు చూపు గ్లాసు మీదికి తిప్పారు. అంతలో కారు గతుక్కుమని గ్లాసు ఒలికింది. ఆ రోజు అల్లుడికి తిక్క రేగింది. కారు పక్కకు తీసి ఆపేశాడు.

"ఆవిడ అక్కడ కదల్లేక పడుంటే మీకీ గ్లాసాటలేంటి మామయ్యా? కూతురని కాస్తయినా బెంగ ఉందా మీకు?"

మామగారి మొహం చిన్నబోయింది. తువ్వాలుతో గ్లాసు తుడుచుకుని, "దీనికి గేర్లు కూడా లేవు" అని మాత్రం గొణిగారు.

ఇంటికి పంపించే రోజు వచ్చింది. వెనక సీట్లో దిండ్లు పేర్చి ఆమెను పడుకోబెట్టారు. మామగారు ముందు సీట్లో కూర్చుని, గ్లాసు తీసి, అంచుదాకా నింపారు.

"ఇవాళ కూడానా?" అన్నాడు అల్లుడు పళ్లు నూరుతూ. ఆ పాత పాట కోసం ఎదురుచూశాడు.

"వెనక గాజు సామాను ఉంది, అల్లుడూ" అన్నారు మామగారు. ఉందనుకో అనలేదు.

అల్లుడు మారు మాట్లాడకుండా చెప్పినట్టల్లా తిప్పాడు. పాల డిపో పక్కదారి, అక్కడినుంచి బడి వెనక సందు. అన్నీ ఇన్నాళ్లూ తను తిట్టుకుంటూ తిరిగిన దారులే. అన్నీ కలిపి చూస్తే, ఒక్క స్పీడ్ బ్రేకరూ తగలకుండా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే దారి. ఎటొచ్చీ ఆ సందు మలుపులో ఓ పెద్ద గుంట ఉంది, దాన్ని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. అల్లుడు ఊపిరి బిగబట్టి బ్రేకు మీద కాలేశాడు. చూస్తే గుంట లేదు. ఇటుక ముక్కలూ కంకరా వేసి చదునుగా దిమ్మిస కొట్టి ఉంది.

"ఇదెప్పుడు పూడ్చారు?"

"ఏమో, మునిసిపాలిటీ వాళ్లకు మెలకువొచ్చిందేమో" అన్నారు మామగారు, కిటికీలోంచి అటెటో చూస్తూ.

అల్లుడు కిందికి చూశాడు. ఆయన చెప్పులకు ఇంకా ఎర్రటి పొడి అంటుకునే ఉంది. ఇన్నాళ్లూ మ్యాట్ల గురించి ఏడ్చినందుకు అతనికి సిగ్గేసింది.

కారు ఇంటి ముందు ఆగితే వెనక నుంచి నిద్రమత్తులో, "అప్పుడే వచ్చేశామా నాన్నా?" అని వినిపించింది. మామగారు గ్లాసు జాగ్రత్తగా ఎత్తి, వెనక తలుపు తీసి కూతురికి అందించారు. "మాత్ర వేళైందమ్మా. వేసుకో."

అల్లుడు దిగి దగ్గరికొచ్చాడు. "మామయ్యా, ఆ రోజు నేను..."

"ఊరుకోవయ్యా."

"పోనీ, చుక్క ఒలకలేదుగా. ఇప్పుడు చెప్పండి, మా హైబ్రిడ్ ఎలా ఉంది?"

మామగారు కారును ఓసారి పైనుంచి కిందిదాకా చూశారు. "రోడ్డు బాగుంది" అన్నారు.

మర్నాడు బడికి బయల్దేరుతూ అల్లుడే గ్లాసు నింపి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, మామగారి కోసం హారన్ కొట్టాడు.

"అంచుదాకా పోశావేంటయ్యా, తడుస్తావు!"

"ఎక్కండి మామయ్యా, చౌరస్తా మీదుగానే పోదాం."

చౌరస్తాలో కోడిగుడ్డు తన పని తను చేసింది.

"సార్, ఇవాళ కూడానా?" అంది ముందు బెంచీ.

"ఇవాళ కూడా!" అన్నాడు మాస్టారు, బోర్డు మీద లెక్క వేస్తూ.